హాంబర్గ్ 62 నంబరు ఫెర్రీ: సిటీ బస్సు టికెట్టుతో హార్బర్ షికారు

రాస్ హిల్ ఎక్కి, కింద ఛానల్లోకి టగ్గుల సాయంతో ఓడ వస్తుంటే చూసిన విశాఖ వాళ్ళకి రేవు కొత్త కాదు. కానీ సిటీ బస్సు టికెట్టు పట్టుకుని హార్బర్ నీళ్ళలోకి వెళ్ళి, డ్రై డాకుల్నీ కంటైనర్ క్రేన్లనీ ఎదురుగా చూసి రావడం మన దగ్గర కుదరదు. జర్మనీలోని హాంబర్గ్‌లో కుదురుతుంది. అక్కడ చదువుతున్న పిల్లల్ని చూడ్డానికి వేసవిలో వెళ్ళే అమ్మానాన్నలు మొదటి రోజే ఎక్కాల్సింది 62 నంబరు ఫెర్రీ. డబ్బుపోసి కొనే హార్బర్ టూరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బండి ఎక్కే చోటు లాండుంగ్స్‌బ్రూకెన్. మెట్రో యూ3, లోకల్ రైళ్ళు ఎస్1, ఎస్3 అక్కడే ఆగుతాయి. స్టేషన్ దిగి నీళ్ళ వైపు వస్తే టూర్ బోట్ల వాళ్ళు, మన ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటోవాళ్ళలాగే, కేకలేసి పిలుస్తుంటారు. వాళ్ళని దాటుకుని 3వ నంబరు జెట్టీకి నడవాలి. పగటిపూట పావుగంటకో ఫెర్రీ. చివరి స్టాపు ఫింకెన్‌వెర్డర్‌కి అరగంట పడుతుంది, అంటే రానూపోనూ గంట.

టికెట్టు దగ్గరే చాలామంది తడబడతారు. మెట్రో, లోకల్ రైలు, బస్సు, ఫెర్రీ అన్నీ హెచ్‌వీవీ అనే ఒకే వ్యవస్థ కింద నడుస్తాయి. ఏ, బీ జోన్ల టికెట్టు కొంటే ఎయిర్‌పోర్టుతో సహా నగరమంతా వస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిది తర్వాత బయల్దేరేవాళ్ళు తొమ్మిది నుంచి చెల్లే డే టికెట్టు తీసుకోవాలి. మర్నాడు పొద్దున్న ఆరు దాకా చెల్లుతుంది. శని, ఆదివారాల్లో తొమ్మిది నిబంధన ఉండదు. పెద్దవాళ్ళ టికెట్టు మీద 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు ముగ్గురు దాకా వెళ్ళొచ్చు. ముగ్గురు, నలుగురు పెద్దవాళ్ళుంటే విడివిడిగా కొనొద్దు, ఐదుగురి దాకా చెల్లే గ్రూపు టికెట్టు చవక. నెలంతా ఉండేవాళ్ళకి దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సుల్లో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్టు నయం. 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, ఫెర్రీలోనూ చెల్లుతుంది. కాకపోతే అది చందా. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. తిరుగు ప్రయాణం హడావుడిలో ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ ఆపరు. అలాగని టికెట్టు లేకుండా ఎక్కితే, తనిఖీలో దొరికినప్పుడు 60 యూరోలు వదులుతుంది. బస్సుల్లో డ్రైవరు నగదు తీసుకోడు. స్టేషన్ మెషీన్లోనో ఫోన్ యాప్‌లోనో ముందే కొనుక్కోవాలి.

ఇక ప్రయాణం. పై డెక్కు మీద చోటు దొరికితే కిందకి దిగొద్దు. వెళ్ళేటప్పుడు ఎడమవైపు చూస్తూ ఉండాలి. బయల్దేరగానే అవతలి ఒడ్డున బ్లోమ్ ఉండ్ ఫోస్ యార్డు తేలే డాకులు కనిపిస్తాయి. 1877లో పెట్టిన యార్డు అది. హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసినవాళ్ళెవరైనా వెంట ఉంటే వ్యాఖ్యానం ఉచితం. కుడివైపు చేపల మార్కెట్టు, ఆ తర్వాత ఓడ ముక్కులా నీళ్ళ మీదకి వాలిన డాక్‌లాండ్ భవనం. నాయ్‌మ్యూలెన్ స్టాపు దాటాక ఎడమన బుర్షార్డ్‌కాయ్ కంటైనర్ టెర్మినల్. పెద్ద ఓడ నిలబడి ఉందంటే మన ఫెర్రీ దాని పక్కన అగ్గిపెట్టె. ఎండ కాస్తున్నా గాలి కోస్తుంది. జూన్‌లో కూడా స్వెట్టరో విండ్‌చీటరో ఉండాల్సిందే.

సముద్రం అక్కడికి వంద కిలోమీటర్ల దూరం. అయినా ఈ రేవున్న ఎల్బె నదిలో పోటుపాట్ల తేడా మూడున్నర మీటర్లు దాటుతుంది. రెండు మీటర్లు కూడా తేడా రాని మన తీరం వాళ్ళకి ఇది వింతే. జెట్టీలు నీళ్ళతోపాటు లేస్తూ దిగుతూ తేలుతుంటాయి కాబట్టి, పాటు వేళ ఒడ్డు నుంచి దిగే వంతెన బాగా ఏటవాలుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వీల్‌చైర్ వాళ్ళు పోటు వేళ చూసుకుని వెళ్తే సుఖం.

వచ్చేటప్పుడు నాయ్‌మ్యూలెన్‌లో దిగితే పాత ఓడల రేవు, దాని పక్కనే ఇసుక తీరం. పడమటి వైపు నడిస్తే 217 టన్నుల బండరాయి కనిపిస్తుంది. ఎల్బెని లోతు చేస్తుంటే 1999లో బయటపడింది. నీళ్ళలోకి మాత్రం దిగకూడదు. ప్రవాహం ఒకటి, పెద్ద ఓడ వెళ్ళాక వచ్చే అల ఇంకొకటి. ఆర్కే బీచ్‌లో ఎంత జాగ్రత్తో ఇక్కడా అంతే. ఎండ కాసిన ఆదివారం సాయంత్రాలు ఇక్కడ ఫెర్రీ నిండిపోయి కొందరిని వదిలేసి వెళ్ళిపోతుంది. అప్పుడు వరుసలో నిలబడి తిట్టుకోకుండా 112 నంబరు బస్సులో ఆల్టోనా చేరుకోవచ్చు.

62లో లోటు ఒకటే: స్పైషర్‌ష్టాట్ కాలవల్లోకి అది వెళ్ళదు. 1883లో మొదలుపెట్టి కట్టిన ఈ ఎర్ర ఇటుకల గోదాముల్లో కాఫీ, టీ, మసాలా దినుసులు నిలవ చేసేవారు. 2015లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఈ కాలవల కోసం మాత్రం టూర్ లాంచీ టికెట్టు కొనడం సబబే. అయితే అక్కడ కూడా పోటుపాట్లదే రాజ్యం. పోటు మరీ ఎక్కువైతే లాంచీ వంతెనల కింద దూరదు, పాటైతే కాలవలో నీళ్ళు చాలవు. కాలవల్లోకి తీసుకెళ్తారో లేదో అడిగి మరీ టికెట్టు కొనాలి.

ఎల్బ్‌ఫిల్హార్మోనీకి 72 నంబరు ఫెర్రీ ఉంది, అదే టికెట్టు. పాత గోదాము నెత్తిన గాజుతో కట్టి 2017లో తెరిచిన సంగీత భవనం ఇది. 37 మీటర్ల ఎత్తులో చుట్టూ తిరిగి చూసే వరండా ఉంది. 82 మీటర్ల వంపు తిరిగిన ఎస్కలేటర్ దానికోసమే ఎక్కాలి. తిరిగొచ్చాక లాండుంగ్స్‌బ్రూకెన్ పక్కనే 1911 నాటి పాత సొరంగం, 426 మీటర్లు, నడిచేవాళ్ళకి ఉచితం. లిఫ్టులో దిగి నది కిందుగా అవతలి ఒడ్డుకి పోవచ్చు.

ఆకలేస్తే అందరూ చెప్పేది ఫిష్‌బ్రోట్‌షెన్, అంటే చేప పెట్టిన బన్ను. బిస్మార్క్ అని రాసి ఉంటే వెనిగర్‌లో నానబెట్టిన, వండని చేప. మన చేపల వేపుడు నాలుకకి అది ఎక్కడం కష్టం. బాక్‌ఫిష్ అడగండి, పిండిలో ముంచి వేయించి ఇస్తారు. శాకాహారులకి బంగాళాదుంపల వేపుడే గతి.

ఎయిర్‌పోర్టుకి ఎస్1 ఎక్కేటప్పుడు ముందున్న మూడు బోగీల్లోనే కూర్చోవాలి. ఓల్స్‌డోర్ఫ్‌లో రైలు రెండుగా విడిపోతుంది. వెనక బోగీల్లో ఉంటే పొప్పెన్‌బ్యూటెల్ వెళ్ళిపోతారు. సామాన్లతో మళ్ళీ వెనక్కి వచ్చేసరికి పావుగంట, ఇరవై నిమిషాలు ఎగిరిపోతాయి. అక్కడ ఆగినప్పుడు బోగీలోని బోర్డు చూసి, తప్పు బోగీ అయితే దిగి ముందుకి పరిగెత్తడమే.