తొమ్మిదేళ్లుగా మా హాల్లో ఉన్న ఫెజెంట్ పుంజు

ఇంగ్లండులో నార్ఫక్ పల్లె దారుల్లో కారు నడిపేవాళ్లకి ఫెజెంట్ (కోడి జాతికి చెందిన, పొడుగు తోక పక్షి) కొత్త కాదు. బ్రిటన్‌లో వేట కోసమే ఏటా వీటిని కోట్లలో పెంచి వదులుతారు. అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా వేట. అలా పడిన ఒక పుంజుని టాక్సిడెర్మీ చేసి, అంటే తోలు ఒలిచి లోపల కూరి బతికున్నట్టు నిలబెట్టి, అమ్మకానికి పెడితే 120 పౌండ్లిచ్చి తెచ్చుకున్నాను. ముక్కు నుంచి తోక చివరికి 85 సెంటీమీటర్లు, సగానికి పైగా తోకే.

ఇంటికొచ్చినవాళ్లు ముందు అడిగేది, "లోపల మాంసం కుళ్లదా?" అని. మాంసం ఉంటేగా! తోలు, ఈకలు, కాళ్లు అసలువి. లోపల ఫోమ్, కాళ్లలో ఇనప తీగ, కళ్లు గాజువి. మొహం మీది ఎర్ర తోలు ఎండితే రంగు పోతుంది, కాబట్టి అక్కడ పెయింట్ వేస్తారు. నాలుగో ఏటికల్లా మాదాంట్లో ఆ పెయింటే పెచ్చులూడింది. అమ్మినాయన ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

నాన్నది భీమవరం పక్క పల్లె. ఇక్కడికొచ్చిన రోజే దాన్ని చూసి "ఒళ్లు డేగ, మెడ కాకి" అని కోడిపందేల భాషలో (డేగంటే ఎర్రది, కాకంటే నల్లది) తేల్చేశారు. తర్వాత వంగి కాలి వెనక ముల్లు చూసి, "ముదురు పుంజురా ఇది" అన్నారు. ఏడాదిలోపు పుంజుకి ఆ ముల్లు పొట్టిగా, మొద్దుగా ఉంటుంది, వయసుతో పొడుగై మొనదేలుతుంది. రోజూ దుమ్ము దులిపే నేను మూడేళ్లపాటు దాన్ని గమనించనే లేదు.

నేను చేసిన పెద్ద తప్పు, కిటికీ పక్కన పెట్టడం. రెండు వేసవులకి ఎండ తగిలిన వైపు రాగిరంగు ఈకలు వెలిసి ఎండుగడ్డిలా అయ్యాయి. మెడ మాత్రం పెద్దగా మారలేదు. ఆదివారం తెలుగు తరగతి పిల్లలకి ఇప్పుడు అదే పాఠం. మెడ మీద టార్చి తిప్పితే ఆకుపచ్చ, నీలం, ఊదా మారుతుంటాయి. ఆ ఈకలో పచ్చరంగు పదార్థమే లేదు, లోపలి పొరల మీద పడి వెలుగు తిరిగొచ్చే తీరువల్ల కనిపించే రంగది. ఒంటి మీది రాగిరంగు అసలు రంగే, ఎండకి విరిగిపోతుంది. పుస్తకంలో బొమ్మ చూపిస్తే ఆవలించే పిల్లలు దీని ముందు తోసుకుంటారు.

ఆరో ఏట చిమటలు. తోక మొదట్లో సన్నని పట్టుగూళ్లు, కింద ఇసకలాంటి రెట్ట. అవి చావాలంటే పుంజుని పాలిథిన్ సంచిలో కట్టి మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాలి. మా ఫ్రీజర్లో తోక పట్టలేదు. పట్టినా గోంగూర, చేపల పక్కన దాన్ని పెట్టనివ్వనంది మా ఆవిడ. పక్కింటివాళ్ల పెద్ద ఫ్రీజర్లో ఐమూలగా పడుకోబెట్టాం. తర్వాత గాజు పెట్టె చేయించాను, దానికి పుంజు కంటే ఎక్కువైంది.

కొనాలనుకునేవాళ్లు విక్టోరియా రాణి కాలంలో (పందొమ్మిదో శతాబ్దం) పక్షుల్ని పెట్టి చేసిన పాత గాజు పెట్టెలకి ఆశపడకండి. ఆ రోజుల్లో తోలుకి ఆర్సెనిక్ పూసేవారు, పిల్లలు ముట్టుకునే చోట అసలొద్దు. గుడ్లగూబలాంటివి అమ్మాలంటే ఇక్కడ సర్టిఫికెట్ కావాలి, ఫెజెంట్‌కి ఆ గొడవ లేదు.

ఇప్పుడు నా చూపు పెట్ట మీద ఉంది. నేల మీద గుడ్లు పొదిగేది కాబట్టి ఎండుటాకు రంగులో ఉంటుంది, పుంజు పక్కన పెడితేగానీ ఆ తేడా పిల్లలకి ఎక్కదు. మా ఆవిడ ఇంకా ఊ అనలేదు.