సొంతంగా కట్టుకున్న విమానంలో సిలికాన్ పట్టీలు: చాలాకాలం వాడాక

నా విమానంలోని, గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఓ-360 ఇంజిన్ చుట్టూ ఉన్న బ్యాఫిల్ రేకుల (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకుల) అంచులకు పాత రబ్బరు తీసివేసి సిలికాన్ పట్టీలు బిగించిన నాటినుంచి, ఎండ మండే మధ్యాహ్నం కూడా నేను నిశ్చింతగా పైకి ఎక్కగలుగుతున్నాను. కౌలింగ్‌కూ (ఇంజిన్‌ను కప్పే పైతొడుగుకూ) రేకుకూ మధ్య ఏ కాస్త సందున్నా, సిలిండర్ల ఫిన్ల (వేడిని గాలికి వదిలే పల్చటి రెక్కల) నడుమ నుంచి కిందికి దిగవలసిన గాలి దొడ్డిదారిన జారిపోతుంది. గాలి వచ్చే వైపుకు వంచి బిగించిన సిలికాన్ పట్టీని ఆ గాలి పీడనమే కౌలింగ్‌కు అదిమి ఉంచుతుంది. ఈ ఒక్క గుణానికే నేను దాన్ని ఎంతో ఇష్టపడతాను.

మొదట్లో దాని మెత్తదనాన్ని కూడా అందరి దగ్గరా మెచ్చుకున్నాను. అయితే కొంతకాలానికి, పైకి ఎక్కేటప్పుడు కుడివైపు వెనక ఉండే మూడో సిలిండర్ ఒక్కటే 435 డిగ్రీల ఫారన్‌హీట్ దాటసాగింది. గరిష్ఠ పరిమితి 500 డిగ్రీల దాకా ఉన్నా, సిలిండర్లు ఎక్కువకాలం మన్నాలంటే వేగవంతమైన క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో సాగే ప్రయాణంలో) 435 లోపు, పొదుపు క్రూయిజ్‌లో 400 లోపు ఉంచాలని తయారీ సంస్థే చెబుతుంది. ప్లగ్గులూ ఇంధన మిశ్రమమూ పరీక్షిస్తే సరిగానే ఉన్నాయి. కౌలింగ్ విప్పి లోపలి పెయింటును దీపం వెలుగులో చూసినప్పుడు అసలు సంగతి తెలిసింది: పట్టీ ఆనిన చోటల్లా రాపిడి గీత ఉంది గాని, వెనక మూలలో రెండు పట్టీలు కలిసే చోట జానెడు మేర గీతే లేదు. నేలమీద సవ్యంగా కనిపించే ఆ మూల, గాలిలో పీడనానికి వెనక్కి మడతపడుతోంది. మెత్తదనం అన్నిచోట్లా మేలు చేయదు. అక్కడ గుడ్డ అల్లిక ఉన్న గట్టి పట్టీని, పక్కదానిపైకి ఎక్కేలా పరిచి బిగించాక వేడి స్పష్టంగా తగ్గింది.

అయినా మూడో సిలిండర్ తక్కినవాటికన్నా కొంత వేడిగానే ఉండేది. ఆ నేరం పట్టీది కాదు. ఆ సిలిండర్ హెడ్‌కు వెనకవైపు ఫిన్ల లోతు చాలా తక్కువ కనుక, రేకు దానికి ఆనుకొని ఉంటే గాలి దిగే దారి మూసుకుపోతుంది. మధ్యలో వాషర్ పెట్టి రేకును కొద్దిగా ఎడం చేశాక నాలుగూ దాదాపు ఒకే తీరుకు వచ్చాయి. రెండో సిలిండర్ ముందువైపు కూడా ఇదే ఇరుకు ఉంటుంది.

నాది స్థిర కోణపు ప్రొపెల్లర్, ఇరుకైన కౌలింగ్, ఎక్కువగా వేడి వాతావరణంలో ప్రయాణం. చలి ప్రాంతాలలో ఎగిరేవారికీ, సిలిండర్లపై మూత ఉన్న ప్లీనం (గాలిపెట్టె) కట్టుకున్నవారికీ ఈ పట్టీలు ఇంతగా తోడ్పడకపోవచ్చు. అల్లిక లేని పట్టీ రివెట్ల దగ్గర చిరగడం కూడా మొదలైంది గనుక, వచ్చే వార్షిక తనిఖీలో మిగతా మూలలకూ అల్లిక పట్టీనే వేయదలచుకున్నాను.