వీధి చివరి ఇనారి గుడి: రష్ లేదు, పూజారీ లేడు

టోక్యోకి వచ్చి రెండేళ్ళయినా, మేముండే వీధి చివరున్న ఈ ఇనారి (జపాన్‌వాళ్ళ వరిపంట దేవుడు) గుడిలోకి పోయిన నెలే మొదటిసారి వెళ్ళాను. చుట్టాలొస్తే ఇక్కడి పెద్ద గుడి మెయిజీ జింగూకో, క్యోటోలో ఫుషిమి ఇనారి గుడికో తీసుకెళ్ళడం, ఆ ఎర్రటి టోరీల (గుడి ముందుండే ద్వారాల) కింద ఫోటోలో వేరేవాళ్ళు పడకుండా పావుగంట కాచుకోవడం, ఇదే సరిపోయింది ఇన్నాళ్ళూ. ఇక్కడ పొద్దున ఏడింటికి నేనూ, ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దావిడా, అంతే. టికెట్ లేదు.

టోరీ దగ్గర కాస్త తల వంచి, దారికి పక్కగా నడవాలి, నడిమధ్య దేవుడు నడిచే చోటట. నీళ్ళ తొట్టి దగ్గర నేను గరిటె ఎత్తి నేరుగా నోటికి పెట్టుకోబోతుంటే ఆవిడ కంగారుగా చీపురు పక్కన పడేసి వచ్చి చేసి చూపించారు: ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, ఆపైన ఎడమ అరచేతిలో నీళ్ళు పట్టి పుక్కిలించి, ఆ చెయ్యి మళ్ళీ కడిగి, చివర్లో గరిటెని నిలబెట్టి మిగిలిన నీళ్ళు కాడ మీదుగా జారనివ్వడం. నా చెయ్యి పడిన కాడ తర్వాత వచ్చేవాళ్ళకి శుభ్రంగా ఉండాలి కదా! నాకు ఈ గుడి మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

హుండీలో ఐదు యెన్లు వేశాను (గోఎన్ అంటే ఐదు యెన్లూ, బంధమూ, రెండర్థాలు). రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగితే దర్శనం అయిపోయినట్టే. అటూ ఇటూ రాతి నక్కలు, మెడలో ఎర్రగుడ్డలు, ఒకదాని నోట్లో తాళంచెవి, అది ధాన్యపు కొట్టుది, ఇనారి వరిపంట దేవుడు మరి. నేను నక్కే దేవుడనుకున్నాను ఇన్నాళ్ళూ, అది దూత మాత్రమేనట.

ఐదు స్టార్లలో ఒకటి ఎందుకు తగ్గించానంటే, గోషుయిన్ కోసం, అదే ముద్ర వేసి బ్రష్‌తో గుడి పేరు రాసిస్తారే దానికోసం, పుస్తకం పట్టుకుని మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ కౌంటర్ మూసే ఉంది. పూజారిగారు ఇంకొన్ని గుళ్ళు కూడా చూసుకుంటారట, పండగలకే వస్తారట. ఆ ముక్క ఒక కాగితం మీద రాసి అంటిస్తే ఏం పోయింది? ఒమికుజి, అంటే జాతకం చీటీలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, 100 యెన్లు డబ్బాలో వేసి మనమే తీసుకోవచ్చు. నాకు చెడు జాతకం వచ్చింది, ఆ చెడు అక్కడే ఉండిపోవాలని చీటీని అక్కడి తీగకే కట్టేసి వచ్చాను.

గోషుయిన్ కావాలంటే పండగరోజు వెళ్ళండి, ఊరికే కాసేపు కూర్చోవాలంటే మామూలు రోజు పొద్దున్నే. వేసవిలో అయితే ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, చెట్ల కింద దోమలు మామూలుగా లేవు.