వేట బోటులో టీవీ: ఇన్వర్టర్ మీదా, నేరుగా బ్యాటరీ మీదా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. విశాఖ చేపలరేవులో రంగులు, ఇంజిన్ పని, వైరింగ్ అన్నీ ఆ రెండు నెలల్లోనే జరగాలి. నాది వైరింగ్ పని. ఏటా ఏదో ఒక బోటు కుర్రాళ్లు వచ్చి అడుగుతారు: "అన్నా, ఈసారి కేబిన్‌లో టీవీ పెట్టిద్దామనుకుంటున్నాం. ఏది తెమ్మంటావు?"

టీవీ దండగ అనే యజమానులతో నేను ఏకీభవించను. పదిహేను, ఇరవై రోజుల వేట. ఏడెనిమిది మందికి ఒకటే కేబిన్, కాళ్లు చాపుకుందామన్నా చోటుండదు. వల లాగి, చేపలు ఏరి, ఐస్‌లో సర్ది, లంగరు వేశాక ఒక సినిమా చూస్తే ఆ రాత్రి మనిషి కాస్త మనిషిలా నిద్రపోతాడు. కాకపోతే ఏ టీవీ కొనాలనే దానికన్నా అది ఏ బ్యాటరీని తింటుందనేదే పెద్ద ప్రశ్న.

సైజు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. తెరకీ కళ్లకీ మధ్య నాలుగైదు అడుగులు కూడా ఉండవు, 24 అంగుళాలు చాలు. ఆ సైజు ఎల్‌ఈడీ టీవీ 30 వాట్ల దగ్గర తింటుంది. 32 అంగుళాలదైతే 50 వాట్ల దాకా పోతుంది.

ఎక్కువమంది చేసే పని, ఇంట్లో వాడే మామూలు టీవీనే తెచ్చి ఇన్వర్టర్ మీద పెట్టడం. చవక, ఏ షాపులోనైనా దొరుకుతుంది, పాడైతే రేవు బయటే బాగు చేసేవాళ్లున్నారు. ఈ మూడూ నిజమైన లాభాలే. కానీ దారి చూడండి: బ్యాటరీలోని 12 వోల్టులను ఇన్వర్టర్ 230 చేస్తుంది, టీవీ లోపలి బోర్డు ఆ 230ని మళ్లీ తక్కువ వోల్టులకు దించుతుంది. ఎక్కించేటప్పుడు కొంత, దించేటప్పుడు కొంత కరెంటు వేడిగా పోతుంది. నేరుగా అయితే రెండున్నర ఆంప్స్‌తో నడిచే టీవీ ఇలా నాలుగు ఆంప్స్ దాకా లాగుతుంది.

అంతకన్నా పెద్ద దొంగ ఇంకొకటి ఉంది. సినిమా అయ్యాక రిమోట్‌తో టీవీ కట్టేస్తారు, ఇన్వర్టర్ స్విచ్ ఎవరికీ గుర్తుండదు. ఖాళీగా ఉన్నా చిన్న ఇన్వర్టర్ పది వాట్లు తింటుందనుకుందాం. మిగతా 21 గంటల్లో అది సుమారు 17 ఏహెచ్ (ఆంపియర్ అవర్), అంటే ఒక ఆంపు చొప్పున 17 గంటలు లాగినంత. మూడు గంటల సినిమాకు అయింది 12! చూసినదానికన్నా మరిచిపోయినదానికే ఎక్కువ ఖర్చు. పైగా తడి కాళ్లతో తిరిగే చోట 230 వోల్టులు తీసుకురావడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

రెండోది, 12 వోల్టుల టీవీ. దీనికి వేరే షాపు వెతకనక్కర్లేదు. చిన్న టీవీల్లో కొన్నిటికి లాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట నల్ల అడాప్టర్ ఉంటుంది. దాన్ని తిరగేసి చూడండి. ఔట్‌పుట్ 12 వోల్టులు, 3 ఆంప్స్ అని రాసి ఉంటే ఆ టీవీ మనకు పనికొస్తుంది. 19 అని ఉంటే పక్కన పెట్టేయండి.

అలాగని అడాప్టర్ తీసేసి వైర్లు నేరుగా బ్యాటరీకి తగిలించకూడదు. ఇక్కడే చాలా టీవీలు పోతున్నాయి. పేరుకు 12 వోల్టుల బ్యాటరీ గానీ, ఇంజిన్ నడుస్తూ ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తున్నప్పుడు మీటరు పెడితే 14కి పైనే చూపిస్తుంది. స్టార్టర్ నొక్కిన క్షణంలో 10కి పడిపోతుంది. కొన్ని టీవీలు ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. అందుకే మధ్యలో ఒక డీసీ కన్వర్టర్ ఉండాలి. లోపలికి ఎంత వచ్చినా బయటికి కచ్చితంగా 12 ఇచ్చే రకం. 24 వోల్టుల బోట్లకైతే 24 నుంచి 12కి దించే కన్వర్టర్ తప్పదు. 24 కోసం జతగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 లాగేద్దామనుకుంటారు కొందరు. ఆ ఒక్కటీ ఎప్పుడూ సగం ఆకలితో ఉండి, జత రెండూ తొందరగా పోతాయి.

నాలుగేళ్ల కిందట మా బావ బోటులో జరిగింది చెబుతాను. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీదే ఇన్వర్టర్ పెట్టారు. వరసగా రెండు రాత్రులు లంగరు మీద ఉండి సినిమాలు చూశారు. మూడో రోజు తెల్లవారుజామున బోటు నడిపే సరంగు స్టార్టర్ నొక్కితే టక్ టక్ అని చప్పుడు, అంతే. గాలి మారుతోంది, ఇంజిన్ లేదు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలిస్తే ఇంకో బోటు వచ్చి బ్యాటరీ అందించేసరికి మధ్యాహ్నం అయింది. ఇంట్లో మా అక్కకు ఈ సంగతి చాలా రోజులు చెప్పలేదు. అప్పటినుంచి స్టార్టింగ్ బ్యాటరీ మీద టీవీ కలపమంటే ఎవరికీ కలపను. టీవీకి, లైట్లకు, ఫోన్ చార్జింగ్‌కు వేరే బ్యాటరీ పెట్టాలి. ఆల్టర్నేటర్ రెండిటినీ నింపేలా, కానీ ఒకటి అయిపోయినా రెండోది కదలకుండా మధ్యలో ఐసొలేటర్ ఉండాలి.

ఆ రెండో బ్యాటరీ 100 ఏహెచ్ అనుకుంటే, సగానికి మించి వాడకపోతేనే అది ఎక్కువ కాలం బతుకుతుంది. రోజుకు మూడు గంటల చొప్పున, మధ్యలో చార్జింగే లేకపోయినా, 12 వోల్టుల టీవీకి ఆరు రాత్రులు వస్తాయి. ఇన్వర్టర్‌తో అయితే, స్విచ్ మరవకుండా కట్టేస్తేనే నాలుగు.

వైరు 2.5 ఎంఎం వేయండి, వీలైతే తగరం పూత ఉన్న రాగి వైరు. ఉప్పు గాలికి మామూలు రాగి ఏడాదిలో పచ్చబడి, స్క్రూ దగ్గర పొడిలా రాలిపోవడం ఈ చేతులతోనే విప్పి చూశాను. ఫ్యూజు టీవీ దగ్గర కాదు, బ్యాటరీకి జానెడు దూరంలో, 5 ఆంప్స్‌ది ఉండాలి. 2023 నవంబరు 19 రాత్రి మన రేవులో బోట్లు తగలబడ్డాయి. డీజిల్, గ్యాస్ సిలిండర్లు, వలలు ఉన్నచోట నిప్పు ఎంత వేగంగా పాకుతుందో ఆ రాత్రి అందరం చూశాం. ఫ్యూజు దగ్గర రాజీ పడొద్దు.

ట్యాబ్ చాలదా అని అడిగేవాళ్లున్నారు. ఇద్దరు ముగ్గురు వెళ్లే చిన్న బోటుకు అదే మేలు. ఎనిమిది మందికి చాలదు.

మామూలు డిష్ గురించి కూడా ఆశ పెట్టుకోవద్దు. అది ఉపగ్రహం వైపు కదలకుండా చూస్తూ ఉండాలి. ఊగే బోటు మీద అది కుదరదు. సినిమాలు పెన్‌డ్రైవ్‌లోనే తీసుకెళ్లాలి. పాత టీవీలు కొన్ని రకాల ఫైళ్లు చదవవు కాబట్టి రేవులోనే ఒక్కొక్కటీ పెట్టి చూసుకోండి.

ఇన్వర్టర్ ఇప్పటికే బోటులో ఉండి, ఇంటి కరెంటులాంటి నున్నటి కరెంటు ఇచ్చే మంచి ప్యూర్ సైన్ వేవ్‌ది అయి, వేరే బ్యాటరీ మీద ఉంటే, దాన్ని పీకేసి కొత్త టీవీ కొనమని చెప్పను. స్విచ్ కేబిన్ గుమ్మం దగ్గరికి మార్చుకుంటే చాలు. కొత్తగా పెట్టించుకునేవాళ్లకు మాత్రం నా మాట 12 వోల్టుల టీవీ, కన్వర్టర్.

పని అయ్యాక రెండు చూస్తాను. టీవీ ఆన్ చేసి వీహెచ్‌ఎఫ్‌లో 16వ చానెల్ వింటాను. చవక కన్వర్టర్లు కొన్ని గరగర పెట్టి, ఆపదలో వచ్చే పిలుపును మింగేస్తాయి. అలా ఉంటే కన్వర్టర్ మార్చాల్సిందే. తర్వాత ఇంజిన్ ఆపి, కుర్రాళ్లను కూర్చోబెట్టి మూడు గంటలు సినిమా చూడమంటాను. అయ్యాక సరంగును పిలిచి స్టార్టర్ నొక్కిస్తాను. మొదటి నొక్కుకే ఇంజిన్ అందుకుంటే, సామాను సర్దుకుని దిగిపోతాను.