ఓమ్ని పక్కన పందిరి, పందిరి కింద పొయ్యి

భీమిలి దాటాక ఒక సరుగుడు తోటలో దిగిన మొదటి సాయంత్రమే మా ఓమ్ని వ్యాను పక్కన కట్టుకున్న బరకం పందిరి గాలికి లేచింది. నాలుగు మేకుల్లో మూడు ఇసుకలోంచి పాలపళ్ళలా ఊడొచ్చాయి. నాలుగోది తాడుతో సహా ఎగిరి ఓమ్ని వెనకద్దానికి టంగుమని తగిలింది. అద్దం పగల్లేదు గానీ, స్టవ్ మీదున్న ఉప్మా నిండా ఇసుక పడింది. మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే, "దీనికేనా నెల్లాళ్ళు యూట్యూబ్ చూశారు?" అంది.

డిసెంబర్‌లో విశాఖ నుంచి బయల్దేరి భీమిలి, అరకు, పాడేరు మీదుగా లంబసింగి వెళ్ళి, నర్సీపట్నం దిగి ఇంటికొచ్చాం. నాలుగు రోజులు, మూడు రాత్రులు. బండి మా పాత మారుతి ఓమ్ని. 2019లో కంపెనీ దీన్ని తయారుచేయడం ఆపేసింది. ఇంజన్ 796 సీసీ, పొడవు 11 అడుగులు. వెనక సీట్లు మడిచి పైన ప్లైవుడ్ పలక, దాని మీద పరుపు వేశాం. వెల్డింగ్ ఏమీ చేయించలేదు. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పలక తీసేస్తే మళ్ళీ మామూలు ఓమ్ని.

ఇంత చిన్న బండిలో లోపల వంట కుదరదు, ఇది ముందే ఒప్పుకోవాలి. ఇద్దరం కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. వంటిల్లు బయటే, అంటే పందిరి కిందే. పందిరి నిలబడేదాన్ని బట్టి పొయ్యి కొనుక్కోవాలి. నేను పొయ్యి ముందు కొన్నాను, పందిరి సంగతి తర్వాత చూశాను.

తోట పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా తంటా అంతా చూసి, నవ్వాపుకుంటూ వచ్చాడు.

"ఏటి బాబూ, ఇసకలో మేకు నిలుత్తాదేటి?"

"మరేం చెయ్యాలి తాతా?"

"సంచులున్నాయా? ఇసక పోసి మూతి కట్టు. మోకాలి లోతు గొయ్యి తీసి పాతిపెట్టీ. తాడు దానికి కట్టు."

రెండు సిమెంటు సంచులు ఆయనే తెచ్చిచ్చాడు. సగం వరకు ఇసుక నింపి, మూతి బిగించి, తాడు సంచి నడుముకి చుట్టి గోతిలో అడ్డంగా పెట్టాడు. ఇసుక కప్పి మడమతో తొక్కాడు. తాడు పట్టుకుని నేను ఒళ్ళంతా వెనక్కి వాల్చినా కదల్లేదు. తర్వాత తాడు మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క ఒకటి ముడేయమన్నాడు. గాలి గుంజినప్పుడు ట్యూబు సాగి, మళ్ళీ దగ్గరకొస్తుంది. ఆ దెబ్బ బరకం మూలల్లో తాడు దూరే కళ్ళ మీద పడదు. బజారులో దొరికే స్ప్రింగు హుక్కులు చేసే పని ఇదే, ట్యూబు ముక్క మాత్రం పంక్చర్ షాపులో ఊరికే ఇస్తారు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు 7 కిలోలకు పైగా ఒత్తిడి. మా బరకం ఐదు చదరపు మీటర్లు. అంటే 35 కిలోల పైచిలుకు, ఒక పదేళ్ళ పిల్లాడు తాడు పట్టుకుని వేలాడినట్టు. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు. అప్పుడు సంచులూ ఆగవు, విప్పి మడిచేయడమే. విశాఖ వాళ్ళకి గాలి గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తెచ్చిన గాలి ముందు మాకు తగిలింది గాలే కాదు.

పందిరి ఎలా చేయించామో కూడా చెప్పాలి. ఇంపోర్టెడ్ ఆనింగులు, అంటే బండికి తగిలించే రెడీమేడ్ పందిళ్ళు, ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి, ధర చూస్తే కళ్ళు తిరిగాయి. పైగా అవి పెద్ద బళ్ళకి. పూర్ణా మార్కెట్ వైపు బరకాలు కొని, ఆటో సీట్లకి రెక్జిన్ కవర్లు కుట్టే మేస్త్రీ దగ్గర కుట్టించాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బండి ఎత్తెంత?"

ఓమ్ని ఎత్తు 1640 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగుల నాలుగంగుళాలు. నేను ఐదడుగుల ఎనిమిది. బండి పైకప్పు అంచుకే బరకం తగిలించి, నీళ్ళు జారేందుకు బయటి అంచు ఇంకా దించితే నేను వంగి వంగి వంట చేయాలి. బయటి అంచు ఎత్తితే వాన నీళ్ళు బండి మీదికి, డోరు సందులోకి. అందుకని మేస్త్రీ లోపలి అంచుని పైనున్న క్యారియర్ పైపుకి తొడిగేలా కుట్టాడు. ఆరంగుళాలు కలిసొచ్చాయి. పైపు దూరే గొట్టంలా అంచు మడిచి రెండు వరసల కుట్టేశాడు. బయటి మూలల్లో తాడు దూరే ఐలెట్ కొట్టే ముందు రెక్జిన్ ముక్క అదనంగా వేశాడు, చిరిగితే అక్కడే చిరుగుతుందని. బయటి వైపు రెండు అల్యూమినియం కర్రలు, లోపలికన్నా అరడుగు తక్కువ. నేను తల ఒంచక్కర్లేదు, బయటికెళ్ళేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి. రెండుసార్లు మర్చిపోయాను.

వాలు ఎంత ఉన్నా బట్ట వదులైతే మధ్యలో బొజ్జ పడుతుంది. చదరపు మీటరు బొజ్జలో ఒక సెంటీమీటరు నీళ్ళు నిలిస్తే 10 కిలోలు. రెండు కర్రల మధ్య ఒక తాడు కట్టి, దాని మీదుగా బరకం వేస్తే బొజ్జ రాదు. ఆ తాడు మీదే తువ్వాళ్ళు ఆరేసుకున్నాం.

మేస్త్రీ ఇంకో మాటన్నాడు, అప్పుడు వినలేదు. "బీచ్‌కి బరకం దేనికి సార్, నర్సరీ నెట్టు కట్టుకోండి." పచ్చటి షేడ్ నెట్ గాలిని వదిలేస్తుంది, ఎండని ఆపుతుంది. సముద్రం పక్కన, వాన లేని రోజుల్లో అదే సరైనది. బరకం కింద మధ్యాహ్నం ఉక్కపోత, గాలొస్తే తెరచాప. తిరిగొచ్చాక మొదట కొన్నది నెట్టే.

ఇక పొయ్యి. దీని మీద నా డబ్బు మూడుసార్లు పోయింది, వరసగా చెబుతాను.

మొదటిది కారు సాకెట్‌లో పెట్టే కెటిల్. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు మహా అయితే 15 ఆంపియర్లు. పన్నెండు వోల్టులతో గుణిస్తే 180 వాట్లు, నా కెటిల్ 150. లీటరు నీళ్ళు మరగడానికి వేడి ఏమాత్రం వృథా కాకపోయినా 35 నిమిషాలు. నిజానికి యాభై పట్టింది. టీ కోసం ఇంజన్ ఆన్ చేసి కూర్చోవడం కన్నా రోడ్డు పక్క టీ కొట్టుకెళ్ళి రావడం నయం.

రెండోది ఇండక్షన్ స్టవ్. ఇంట్లో వంట వేరు, బండి పక్కన వంట వేరు. బ్యాటరీతో నడుపుదామంటే 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు. 2000 వాట్ల స్టవ్ దాన్ని అరగంట పైచిలుకులో తాగేస్తుంది, అదీ ఇన్వర్టర్ తినేది లెక్కేయకుండా. ఐదు కిలోల గ్యాసులో ఉండే శక్తి 60 యూనిట్లకు పైనే. పొయ్యిలో సగం వృథా పోయినా పోలికే లేదు. సరే, బస చేసేచోట ప్లగ్గు ఉంటుంది కదా అనుకున్నాను. ఆ సంగతి అరకులో తెలిసింది.

మూడోది బ్యూటేన్ డబ్బాతో నడిచే పోర్టబుల్ స్టవ్, పెట్టెలో వచ్చేది. భీమిలిలో ఉప్మా దాని మీదే. బ్రహ్మాండంగా వెలుగుతుంది. 220 గ్రాముల డబ్బా పెద్ద మంట మీద గంటా పావు దాకా వస్తుంది. గాలికి మంట పక్కకి పోతోందని చుట్టూ రేకు అడ్డుపెట్టబోయాను, ఆగాను. డబ్బాని కూడా కలిపి మూసేస్తే అది వేడెక్కి పేలే ప్రమాదముంది. రేకు పొయ్యి పళ్ళెం వైపే ఉండాలి, డబ్బా వైపు తెరిచి ఉండాలి.

భీమిలి తోటలో రాత్రి బాగానే గడిచింది. యజమాని అడిగింది ఇచ్చాం, బోరు నీళ్ళు, తుడిచిన మరుగుదొడ్డి ఒకటి. రాత్రి ట్రాక్టర్లు తిరిగాయి, నిద్ర అంతంతమాత్రం. గోస్తని సముద్రంలో కలిసేచోట పొద్దున్నే పడవలు చూడ్డానికైనా ఆగొచ్చు. మర్నాడు ఆ నది పుట్టిన అనంతగిరి కొండల్లోకే ఎక్కాం.

విజయనగరం, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కేటప్పుడు ఓమ్ని ముందు సీటు పొయ్యిలా కాలింది, ఇంజన్ దాని కిందే కదా. గాలికొండ దగ్గర ఆగి చల్లార్చుకున్నాం. అరకులో ఒక హోమ్‌స్టే వాళ్ళు బండి పెట్టుకోవడానికి పెరడు ఇచ్చారు. ఫోన్‌లో "ప్లగ్గు పాయింట్ ఉందండి, ఏదైనా పెట్టుకోండి" అన్నారు. ఇండక్షన్ పెట్టి కుక్కర్ ఎక్కించగానే ఇల్లంతా చీకటి. ఇచ్చింది 6 ఆంపియర్ల ప్లగ్గు, అంటే 1400 వాట్లకు మించి లాగకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరు కూడా వేలు కాల్చేంత వేడెక్కింది. ఆ ఇంటావిడ టార్చి వేసుకొచ్చి, "మా టీవీ కూడా పోయిందండీ" అంది. సిగ్గుతో చచ్చాం. పడిపోయిన ఎంసీబీ స్విచ్చి మళ్ళీ ఎత్తి, 800 వాట్ల మీద మెల్లగా అన్నం వండుకున్నాం. కనుక బస బుక్ చేసేటప్పుడు ప్లగ్గు ఉందా అని అడగొద్దు, ఏసీకో గీజర్‌కో పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు ఉందా అని అడగండి. ఆ ఒక్కటి పక్కన పెడితే ఆ పెరడు ఈ నాలుగు రోజుల్లో మంచి బస. వేణ్ణీళ్ళు అడగ్గానే ఇచ్చారు. మట్టి గట్టిది, మేకులు సుత్తి దెబ్బకి ఒక్కొక్కటీ నిలిచాయి. అన్నంలోకి బొంగు చికెన్ బయట కొనుక్కున్నాం, గ్యాస్ పొయ్యి ముట్టలేదు. మర్నాడు దారిలో చాపరాయి జలపాతం జనంతో నిండిపోతే దిగకుండానే వెళ్ళిపోయాం.

ఇంకో చిన్న విషయం. అరకు, లంబసింగి రెండూ వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో ఉన్నాయి. అక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. విడి గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ పలుకు విరగదు. రెండు లీటర్ల చిన్న కుక్కర్ ఒకటి ఉంటే ఆ బాధ లేదు, గ్యాసూ మిగులుతుంది. ఈ ట్రిప్పులో నేను కొన్నవాటిలో విచారించనిది అదొక్కటే.

లంబసింగిలో డబ్బు తీసుకుని టెంట్లు వేయించే స్థలాలు రోడ్డు పక్కన చాలా ఉన్నాయి. శనివారం కావడంతో బళ్ళు కిటకిట. మేం దిగిన చోట నలభై టెంట్లకి రెండు బాత్రూములు, అర్ధరాత్రి దాకా స్పీకరు. ఇచ్చిన డబ్బుకి తగ్గ చోటు కాదు. తెల్లవారుజామున మాత్రం అన్నీ మర్చిపోయాం. బరకం మీద పొగమంచు కారి, లోపలి వైపు కూడా చుక్కలు పట్టాయి. మేస్త్రీ వేసిన రెక్జిన్ మూల దగ్గర చుక్క ఒకటి నిండి, వేలాడి, సరిగ్గా నా మెడ మీద పడింది.

టీ పెడదామని స్టవ్ ముట్టిస్తే నీలం మంట చిటికెన వేలంత లేచి, అలాగే సన్నబడింది. డబ్బా కదిపితే లోపల ద్రవం గలగలమంటోంది. గ్యాస్ ఉంది, రావట్లేదు. బ్యూటేన్ మరిగేది సున్నాకి అర డిగ్రీ కింద. చలి నాలుగైదు డిగ్రీలకి దిగితే లోపలి ఒత్తిడి పడిపోతుంది. పైగా ఆవిరయ్యే కొద్దీ డబ్బా తనంతట తానే ఇంకా చల్లబడుతుంది. పక్క టెంటు కుర్రాళ్ళ దగ్గర గోరువెచ్చటి నీళ్ళు అడిగి, డబ్బా తీసి రెండు నిమిషాలు అందులో నిలబెట్టి, తుడిచి మళ్ళీ బిగించాను. మంట లేచింది. గోరువెచ్చటివే, మరిగినవి కాదు. డబ్బాకి మంట చూపించడం గురించి ఆలోచన కూడా వద్దు. ప్రొపేన్ కలిసిన డబ్బాలకైతే చలిలో ఇంత ఇబ్బంది ఉండదు.

చలికి కుర్రాళ్ళు ఒకరిద్దరు టెంటు లోపలే పొయ్యి వెలిగించి చేతులు కాచుకుంటున్నారు. చూసి ఊరుకోలేక చెప్పాను. మూసిన చోట మండే పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ లీకైతే అది గాలికన్నా బరువు, పైకి పోదు, కింద పరుపు పక్కనే పేరుకుంటుంది. అందుకే మా సిలిండరైనా డబ్బాలైనా రాత్రి బండి బయటే. కుర్రాళ్ళు "సరే అంకుల్" అన్నారు, పొయ్యి బయట పెట్టారో లేదో చూడలేదు.

ఇంటికొచ్చాక గ్యాస్ ఏజెన్సీలో ఐదు కిలోల చిన్న సిలిండర్ తీసుకున్నాం, దానికి ఇంటి కనెక్షన్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఐఎస్ఐ ట్యూబు, ఒక బర్నరు ఇనుప స్టవ్. మొత్తం బరువైనదే, కానీ ఊళ్ళో నిండుది మార్చుకోవచ్చు. బ్యూటేన్ స్టవ్ టీకి, పగటిపూటకి ఉంచుకున్నాం. ఇండక్షన్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కెటిల్ మా బావమరిదికిచ్చాం, ఇంకా ఫోన్ చేయలేదు.

పొయ్యి పందిరి బయటి అంచు దగ్గరే, బరకానికి కనీసం నాలుగడుగుల కింద. ప్లాస్టిక్ బరకం మంటకి ముందు ముడుచుకుంటుంది, తర్వాత కరిగి చుక్కలుగా కారుతుంది. గాలి వైపు అడ్డంగా ఒక పక్క తెర కావాలని మా ఆవిడ పట్టుబట్టింది. నిన్న మేస్త్రీ దగ్గరికెళ్తే కొలతలు రాసుకుని, "ఈసారి బట్ట నేను చెప్పింది తీసుకోండి సార్" అన్నాడు.