రెడ్ హ్యాట్ యూబీఐ: రాయల్టీ కట్టకుండా పంచుకోగల బేస్ ఇమేజ్

సాఫ్ట్‌వేర్‌ని కంటెయినర్ ఇమేజ్‌గా, అంటే అది నడవడానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూటగా, అమ్మేవాళ్లకి రెడ్ హ్యాట్ లైనక్స్‌తో పాత చిక్కు ఒకటుంది. సోర్సు ఓపెనే అయినా, వాళ్లు కంపైల్ చేసిన ఆర్‌పీఎంలు (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉన్న ప్యాకేజీలు) మన చేతికొచ్చేది సబ్‌స్క్రిప్షన్ ఒప్పందం మీద. వాటిని మన ఇమేజ్‌లో పెట్టి కస్టమర్లకి పంచాలంటే ఆ ఒప్పందమే అడ్డం. మన ఇమేజ్‌కి పునాదిగా వాడుకునేలా 2019 మేలో వచ్చిన యూనివర్సల్ బేస్ ఇమేజ్, యూబీఐ, ఈ ముడి విప్పింది. రెడ్ హ్యాట్ బైనరీల్లో కొన్నింటిని ఫీజు లేకుండా మన అప్లికేషన్‌తో కలిపి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఉబుంటులో అయితే, మార్పులు చేసిన వెర్షన్ పంచాలంటే దాన్ని తయారుచేసే కెనానికల్ కంపెనీ అనుమతి ఉండాలి, లేదా ట్రేడ్‌మార్కులు తీసేసి సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చేసుకోవాలి. ఆ పని ఎంత భారమో బిల్డ్ సర్వర్లు నడిపేవాళ్లకి తెలుసు.

స్టాండర్డ్, మినిమల్, మైక్రో, ఇనిట్ అని నాలుగు రకాలున్నాయి. చాలామందికి మినిమల్ చాలు, అందులో మైక్రోడీఎన్‌ఎఫ్ అనే చిన్న ప్యాకేజీ మేనేజర్ ఉంటుంది. మైక్రోలో ప్యాకేజీ మేనేజరే ఉండదు, బయటి నుంచి బిల్డా అనే ఇమేజ్ తయారీ టూల్ సాయంతో ప్యాకేజీలు వేసుకోవాలి.

అసలు ప్రమాదం బిల్డ్ మెషీన్‌లో ఉంది. అది సబ్‌స్క్రిప్షన్ ఉన్న ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్) అయితే, కంటెయినర్లు కట్టి నడిపే పాడ్‌మన్ ఆ హక్కుని కంటెయినర్ లోపలికీ తీసుకెళ్తుంది. యూబీఐలో లేని ప్యాకేజీ అడిగినా ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ చడీచప్పుడు లేకుండా ఆర్‌హెచ్‌ఈఎల్ రెపో (ప్యాకేజీల నిల్వ) నుంచి తెచ్చేస్తుంది. బిల్డ్ పచ్చగా పాసవుతుంది, కానీ ఆ ఇమేజ్ ఇక స్వేచ్ఛగా పంచేది కాదు. యూబీఐ, ఆర్‌హెచ్‌ఈఎల్ ప్యాకేజీలు రెండింటికీ సంతకం చేసే కీ ఒకటే కాబట్టి సంతకం చూసి పట్టుకోలేం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెపోలన్నీ డిసేబుల్ చేసి, యూబీఐ పేరున్నవే ఎనేబుల్ చేయండి. స్టాండర్డ్ ఇమేజ్‌లో ఇన్‌స్టాల్డ్ లిస్టు తీసి, కొత్తగా వేసిన ప్రతి ప్యాకేజీ పక్కన ఏ రెపో పేరుందో చూడండి. అంతకంటే గట్టి పద్ధతి, సబ్‌స్క్రిప్షన్ లేని మెషీన్‌లోనే బిల్డ్ చేయడం. అక్కడ ప్యాకేజీ దొరకలేదని ఎర్రర్ వస్తే అది మీకు మేలు చేసినట్టే.

లోటు ప్యాకేజీల సంఖ్యలో ఉంది. కంపైల్ చేయడానికి కావలసిన డెవెల్ లైబ్రరీలు చాలా దొరకవు. ఈపెల్ అనే అదనపు ప్యాకేజీల రెపో జోడిస్తే తీరిపోతుందనుకోవద్దు, అందులోని ప్యాకేజీల డిపెండెన్సీలు తరచూ యూబీఐలో లేని ఆర్‌హెచ్‌ఈఎల్ ప్యాకేజీల దగ్గరే ఆగుతాయి. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న బైనరీలు పంచుతున్నప్పుడు సోర్సు అందించే బాధ్యత మీ మీదే ఉంటుంది. రెడ్ హ్యాట్ సోర్స్ ఇమేజ్‌లూ విడుదల చేస్తుంది, అదే వెర్షన్‌వి దాచి పెట్టుకోండి. సపోర్ట్ మాత్రం ఉచితం కాదు. కస్టమర్ ఆ కంటెయినర్‌ని సబ్‌స్క్రిప్షన్ ఉన్న ఆర్‌హెచ్‌ఈఎల్ లేదా ఓపెన్‌షిఫ్ట్ (రెడ్ హ్యాట్ కంటెయినర్ ప్లాట్‌ఫామ్) మీద నడిపితేనే రెడ్ హ్యాట్ పలుకుతుంది. ఈ సంగతి కొటేషన్‌లోనే రాసి ఇవ్వండి.