నికాన్ జెడ్5, 14-30 ఎఫ్4 లెన్సు: మైపాడు ఉప్పుగాలికి ఈ జోడీ ఆగుతుందా?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కొండలూ సముద్రమూ తీయాలని ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము రీలంత పెద్ద సెన్సరున్న) కెమెరా వెతుక్కునేవాళ్లకు నికాన్ జెడ్5 బాడీ, నిక్కోర్ జెడ్ 14-30 ఎఫ్4 ఎస్ లెన్సు మంచి జోడీ. లెన్సు 2019లో, బాడీ 2020లో వచ్చాయి. పాతబడ్డాయి కాబట్టే సెకండ్ హ్యాండ్‌లో అందుబాటులోకి వచ్చాయి. లెక్క ముందే చెప్పేస్తే మేలు: డబ్బు మొదట లెన్సుకు, తర్వాత ట్రైపాడ్‌కు, మిగిలింది బాడీకి. జెడ్5 సెకనుకు 4.5 ఫ్రేములే తీస్తుంది, పెళ్లి పందిట్లో అది ఇబ్బందే. కొండ ఎక్కడికీ పరుగెత్తదు గనుక మనకు ఆ లోటు తెలియదు.

ముందు లెన్సు. 14 మి.మీ. దగ్గర ఇది 114 డిగ్రీల వెడల్పు చూస్తుంది, 30 దగ్గర 72 డిగ్రీలు. కొత్తగా కొన్నవాళ్లంతా తిన్నగా 14కు తిప్పి అక్కడే ఉండిపోతారు. మన నేలకు అది పనికిరాని అలవాటు. ఇక్కడ తీరమంతా బల్లపరుపు, వెలిగొండలేమో దూరంగా పడమట. ఉదయగిరి ఊళ్లో నిలబడి 14తో తీస్తే మూడు వేల అడుగుల పైచిలుకు కోటకొండ ఫ్రేములో గోరంత అయిపోతుంది. పైన సగం ఆకాశం, కింద సగం ఖాళీ నేల, మధ్యలో ఒక గీత. అదే చోట 28, 30 దగ్గర పెడితే కొండకు కొండతనం వస్తుంది. పెన్నా అవతలి ఒడ్డు నుంచి రంగనాయకుల గుడి గాలిగోపురం తీయాలంటే 30 కూడా చాలదు. 50 దాటిన లెన్సు ఏదైనా సంచిలో ఉండాలి, పాత కిట్ లెన్సయినా సరే.

మరి 14 ఎక్కడ? ముందు ఏదో ఒక వస్తువు దగ్గరగా ఉన్నచోట. మైపాడులో ఇసుక మీదికి లాగిన పడవ ముక్కుకు రెండడుగుల దూరంలో, మోకాలి ఎత్తులో కెమెరా పెడితే పడవ మొత్తం ఫ్రేమును ఏలుతుంది, వెనక సముద్రం దానంతటదే సర్దుకుంటుంది. పెన్నా ఇసుకలో గాలి గీసిన మడతలు, నాట్లప్పుడు కయ్యల్లో నిలిచిన నీళ్లలో మబ్బులు, ఇస్కపల్లి ఉప్పు మడుల గట్లు, ఇవన్నీ 14కూ 18కీ మధ్య పండే బొమ్మలు. 28 సెం.మీ. దగ్గరి వస్తువును కూడా ఇది పట్టుకుంటుంది. భైరవకోనలో మాట వేరు. రాతిని తొలిచిన గుళ్ల ముందు వెనక్కి జరగడానికి చోటుండదు, అక్కడ 14 లేకపోతే పనే జరగదు.

గుడి దగ్గర నిలబడి గోపురం కోసం కెమెరా పైకెత్తితే అది వెనక్కి వాలిపోయినట్టు పడుతుంది. లెన్సు లోపం కాదది, ఏ వైడ్ లెన్సుకైనా అంతే. కెమెరాలోని లెవెల్ గీత చూసుకుని నిటారుగా పెట్టి, గోపురాన్ని ఫ్రేము పైసగంలోకి తెచ్చుకుని, కింది నేలను తర్వాత కోసేయాలి. 24 మెగాపిక్సెళ్లలో మూడో వంతు పోయినా 16 మిగులుతాయి, పటం కట్టించి గోడకు పెట్టుకోవడానికి చాలు. సాఫ్ట్‌వేర్‌లో సరిచేద్దామనుకుంటే గోపురం పైభాగం సాగి మెత్తబడుతుంది.

ఈ లెన్సుకు రెండు చిన్న చికాకులున్నాయి. వాడనప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. కెమెరా ఆన్ చేశాక జూమ్ రింగు తిప్పి బయటికి తెచ్చేదాకా ఫొటో తీయనివ్వదు. సూర్యుడు నీళ్లలోంచి తల ఎత్తే క్షణంలో ఆ హెచ్చరిక కనిపిస్తే ఒళ్లు మండుతుంది, కాబట్టి ఒడ్డుకు చేరగానే తెరిచి పెట్టుకోవాలి. రెండోది, మూలల సంగతి. దిద్దుబాటు లేని రా ఫైల్ (సెన్సరు పట్టింది పట్టినట్టే దాచే ఫైల్) 14 దగ్గర చూస్తే సముద్రపు గీత వంగి ఉంటుంది, మూలలు నల్లబడి ఉంటాయి. ఫైల్లోనే సవరణ వివరాలు ఉంటాయి గనుక లైట్‌రూమ్ లాంటివి తెరవగానే సరిచేస్తాయి. అలా చదవలేని ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు లెన్సు పాడైందని కంగారు పడతారు. ఆ సాగతీత వల్ల చివరి మూలల్లో పదును కాస్త తగ్గేది మాత్రం నిజం. 16 దగ్గరికి జరిగితే ఆ తేడా చాలావరకు పోతుంది.

అపర్చర్ అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది సన్నబడుతుంది. ఆ విషయంలో ఎఫ్8, ఎఫ్11 దాటనక్కర్లేదు. ఎఫ్16కు పదును తగ్గడం మొదలవుతుంది, ఎఫ్22కు తేటగా కనిపిస్తుంది. సన్నటి రంధ్రంలోంచి దూరే వెలుగు పక్కలకు చెదరడమే కారణం. 14 మి.మీ., ఎఫ్11 దగ్గర సుమారు 60 సెం.మీ. దూరానికి ఫోకస్ పెడితే 30 సెం.మీ. నుంచి అనంతం వరకూ సరిపడా పదును వస్తుందని లెక్క. 20 దగ్గర ఆ దూరం 1.2 మీటర్లు, 30 దగ్గర 2.7 మీటర్లు. పెద్ద ప్రింటు వేయించేవాళ్లు ఇంకో సగం దూరం కలుపుకోవాలి, ఎందుకంటే పుస్తకాల్లోని ఆ లెక్క చిన్న ప్రింట్ల కాలం నాటిది. లెన్సు మీద దూరం గుర్తులు లేవు. తెల్లవారుజామున చీకట్లో ఆటో ఫోకస్ తడుముకుంటుంటే మాన్యువల్‌కు మార్చి, సముద్రంలో వేటపడవల దీపాన్ని తెర మీద పెద్దది చేసుకుని ఫోకస్ చేయాలి. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే ఇంకోసారి చూసుకోవాలి.

ఇక సముద్రం. మనది తూర్పు తీరం, సూర్యుడు ఎదురుగా నీళ్లలోంచే లేస్తాడు. వెలుగును ఆకాశానికి కొలిస్తే ఇసుక నల్లబడుతుంది, ఇసుకకు కొలిస్తే ఆకాశం తెల్లగా కాలిపోతుంది. జెడ్5 సెన్సరు ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100 దగ్గర నీడల్లో చాలా వివరం దాచుకుంటుంది, కాబట్టి ఆకాశం కాలకుండా తీసి నీడను తర్వాత పైకి లేపడం మంచిది. తేడా మరీ ఎక్కువైతే బ్రాకెటింగ్‌లో, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో, రెండేసి స్టాపుల ఎడంతో మూడు ఫ్రేములు తీసుకోవాలి. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం. వెనక్కి జారే నురుగు చారలుగా రావాలంటే పావు సెకను నుంచి ఒక సెకను చాలు. 30 సెకన్లు పెడితే సముద్రం పొగమంచులా మారుతుంది. అందరూ అదే తీస్తున్నారు, చూసి చూసి విసుగొచ్చింది.

ఆ వేగానికి ఎన్‌డీ ఫిల్టరు, అంటే వెలుగును తగ్గించే నల్ల గాజు కావాలి. ఆరు స్టాపులదైతే 1/60 సెకను సుమారు ఒక సెకను అవుతుంది, పది స్టాపులదైతే 1/15 సెకను నిమిషం దాటుతుంది. బాడీలో మామూలు షట్టర్ 30 సెకన్ల దగ్గర ఆగిపోతుంది కనుక ఆ పైన టైమ్ మోడ్‌లో ఒకసారి నొక్కి తెరిచి, మళ్లీ నొక్కి మూయాలి, లేదా వైరు రిమోట్ కొనాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే నిమిషం ఫొటోకు ఇంకో నిమిషం కెమెరా పలకదు. సూర్యోదయంలో దాన్ని ఆపేయండి. ఫిల్టరు సైజు 82 మి.మీ., అంత పెద్దవి చవకగా రావు. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టరు) 14 దగ్గర వాడితే ఆకాశంలో ఒకచోట ముదురు నీలం పట్టీ పడుతుంది, ఎండకు అడ్డంగా ఉన్న భాగం మీదే దాని ప్రభావం ఎక్కువ. కయ్యల్లో నీటి మెరుపు, తడిసిన బండల మెరుపు తగ్గించడానికి మాత్రం అది బంగారం.

ట్రైపాడ్ మన ఇసుకలో మోసం చేస్తుంది. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది, కెమెరా వెంట్రుకవాసి దిగుతుంది, ఫొటో మొత్తం మసక. కాళ్లను గట్టిగా నొక్కి, ఒకటి రెండు అలలు పోనిచ్చి, అప్పుడు తీయాలి. కాళ్లు సాగదీసేటప్పుడు అన్నిటికంటే కిందిది, సన్నది ముందు పూర్తిగా లాగాలి. అప్పుడు కీళ్లు నీటికీ ఇసుకకీ పైన ఉంటాయి. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు బాడీలోని వైబ్రేషన్ రిడక్షన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆపేయడం మంచిది. ఇంటికొచ్చాక కాళ్లను మంచినీళ్లతో కడిగి, విప్పి ఆరబెట్టకపోతే కొన్నాళ్లకే కీళ్లు బిగుసుకుపోతాయి.

లెన్సూ బాడీ రెండింటికీ అతుకుల దగ్గర తేమనూ దుమ్మునూ ఆపే ఏర్పాటుంది. ముందు గాజుకు నీటిచుక్క నిలవని ఫ్లోరిన్ పూత ఉంది. అయినా మైపాడులోనో కొత్తపట్నంలోనో అరగంట నిలబడితే గాజు మీద ఉప్పు పొర చేరుతుంది, ఎండ ఎదురుగా ఉంటే ఫొటో పాలిపోతుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ ఉప్పే గాజును గీస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ, ఆఖరున పొడిగుడ్డ. ఏసీ గదిలో పడుకోబెట్టిన కెమెరాను తిన్నగా ఒడ్డున తెరిస్తే ఆవిరి కమ్మేస్తుంది, సంచి మూసే ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ఇంట్లో బీరువాలో దాస్తే బూజు ఖాయం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టుకుని తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

బాడీ గురించి కొద్దిగానే. బ్యాటరీ, కార్డుతో 675 గ్రాములు, లెన్సు 485. ఉదయగిరి కోట ఎక్కేవాళ్లకు ఈ కిలో చిల్లర భారం కాదు. రెండు ఎస్‌డీ కార్డు చోట్లున్నాయి. వ్యూఫైండర్ బాగుంటుంది, ఎండలో వెనక తెర కనబడనప్పుడు అదే దిక్కు. తెర పైకీ కిందికీ మాత్రమే వంగుతుంది కాబట్టి కెమెరాను నిలువుగా తిప్పి నేలకు ఆనించి తీయాలంటే బోర్లా పడుకోవాల్సిందే. దీని తర్వాత వచ్చిన జెడ్5 2లో తెర పక్కకు కూడా తెరుచుకుంటుంది, ఫోకస్ కూడా మెరుగు. పిల్లల్నీ పక్షుల్నీ కూడా తీసే ఇంటికి అదే మేలు, కొండలకే అయితే ఆ తేడా డబ్బు లెన్సులో పెట్టొచ్చు.

ఈ జోడీ అందరికీ కాదు. చుక్కల కోసం వెలిగొండల వైపు పోయేవాళ్లకు ఎఫ్4 చాలా నెమ్మది. ఎఫ్1.8 ఉన్న 20 మి.మీ. లెన్సు రెండు స్టాపులకు పైగా ఎక్కువ వెలుగిస్తుంది, పాలపుంతకు అదే సరి. చేతిలో ఇప్పటికే కెనాన్ 200డీ లాంటిది ఉంటే బాడీ మార్చక్కర్లేదు. ఈఎఫ్-ఎస్ 10-18 లెన్సు 240 గ్రాములే, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 16-29 ఇస్తుంది. ప్లాస్టిక్ మౌంటు, తేమకు అడ్డు లేదు, ఉప్పుగాలిలో జాగ్రత్త. నికాన్ పాత బాడీలున్నవాళ్లు ఏఎఫ్-పీ 10-20 కొనేముందు ఆగాలి, డీ90, డీ7000, డీ5100 మీద ఆ లెన్సు పనిచేయదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కెమెరాతో ఒక జేపెగ్ తీసి ఎక్జిఫ్ (ఫొటోలో దాగిన కెమెరా వివరాలు) చూపే సైటులో పెడితే షట్టర్ ఎన్నిసార్లు ఆడిందో తెలుస్తుంది. తెల్లగోడను ఎఫ్16లో ఫోకస్ చెదిరేలా తీస్తే సెన్సరు మీది మచ్చలు బయటపడతాయి. లెన్సు వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూడాలి, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు, ఎంత చవకిచ్చినా వద్దు. బ్యాటరీ మీద 15సీ అని ఉందో లేదో చూడండి, మరీ పాత 15 రకమైతే కెమెరాలో పెట్టి పవర్ బ్యాంకుతో ఛార్జ్ చేయడం కుదరదు. సీరియల్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు అడగాలి. చివరగా, దుకాణం బయటికొచ్చి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ను 14 మి.మీ., ఎఫ్4 దగ్గర ఫ్రేము నాలుగు మూలల్లోనూ ఒక్కోసారి ఉంచి నాలుగు ఫొటోలు తీయండి. ఒక మూల మిగతా మూడింటికంటే మెత్తగా వస్తే లోపల గాజు పక్కకు జరిగినట్టే, ఆ పీసు వదిలేసి ఇంకోటి అడగండి.